మంచు పడలేదని వేట సీజన్‌ను వెనక్కి జరపమనకండి

అమెరికాలో కొలరాడో, వయోమింగ్ కొండల్లో మ్యూల్ డీర్ అనే దుప్పుల వేటకు వెళ్ళే తెలుగు అన్నలకు, తమ్ముళ్ళకు, ఈమధ్యే లైసెన్సు తీసుకున్న అక్కచెల్లెళ్ళకు,

నమస్కారం.

మీలో కొందరు సంతకాల కోసం పంపిన వినతిపత్రం నాకూ చేరింది. శరత్కాలం ఏటికేడు వేడిగా గడుస్తోందనీ, అక్టోబరు దాటినా మంచు పడక దుప్పులు కొండ దిగడం లేదనీ, డబ్బు కట్టి డ్రాలో, అంటే లాటరీలో, ట్యాగు (ఒక దుప్పిని కొట్టే అనుమతి) తెచ్చుకుని ఉత్తచేతులతో ఇంటికి రావలసి వస్తోందనీ, అందుచేత రైఫిల్ సీజన్లను ఇంకా ఆలస్యంగా, నవంబరు చివరికి జరపాలనీ అందులో రాశారు. రెండో పేజీలో ఇంకో మాట ఉంది. అసలు కొండల్లో దుప్పులే మిగల్లేదట, వన్యప్రాణి శాఖ చెప్పే లెక్కలు నమ్మదగినవి కావట. మంచు లేక పైనే ఉండిపోయాయని మొదటి పేజీలో మనమే చెప్పి, రెండో పేజీలో లేనే లేవంటే ఎలా? చదివే అధికారి అడిగే మొదటి ప్రశ్న అదే అవుతుంది.

నేను సంతకం పెట్టలేదు. కారణాలు ఒక్కొక్కరికి ఫోనులో చెప్పడం కంటే అందరూ చదివేలా రాయడం మంచిదనిపించింది.

వేడి సంగతి నిజమే, దాన్ని కాదనడం లేదు. వేటలో తప్పనిసరిగా వేసుకునే నారింజ రంగు చొక్కా కింద చెమట పట్టే అక్టోబరు మధ్యాహ్నాలు ఇప్పుడు ఎవరికీ వింత కాదు. అయితే ఆ వేడి దుప్పిని ఏం చేస్తుందన్నది ఒక సంగతి, మన వేటను ఏం చేస్తుందన్నది మరొకటి. వినతిపత్రం ఈ రెండింటినీ కలిపేసింది.

మ్యూల్ డీర్ ఏడాది రెండు లెక్కల మీద నడుస్తుంది. మొదటిది పగటి పొడవును బట్టి సాగేది. వేసవి చివర పగలు తగ్గుతున్న కొద్దీ ఎర్రటి బొచ్చు రాలిపోయి, అక్టోబరుకల్లా బూడిద రంగు చలికాలపు బొచ్చు దట్టంగా వచ్చేస్తుంది. మగవాటి కొమ్ముల మీది మెత్తటి తోలు ఊడిపోతుంది. నవంబరు మధ్యకు జతకట్టే కాలం వస్తుంది. బయట ఎండ కాస్తోందా, మంచు కురుస్తోందా అన్నదానితో వీటికి పని లేదు. ఏడు నెలలకు కాస్త తక్కువగా మోసి, జూన్‌లో పచ్చిక లేతగా ఉన్నప్పుడు ఆడ దుప్పి ఈనాలి కాబట్టి ఆ లెక్క ఏటా పెద్దగా కదలదు. రెండోది వాతావరణాన్ని బట్టి సాగేది, ఎప్పుడు కొండ దిగాలి అన్నది. మన ఊళ్ళలో మృగశిర కార్తె జూన్ మొదటి వారం దాటగానే సూర్యుణ్ణి బట్టి వచ్చేస్తుంది. వాన మాత్రం తనకు తోచినప్పుడు వస్తుంది. విత్తనాలు సిద్ధం చేసుకున్న రైతు మబ్బుల వైపు చూస్తూ కూర్చుంటాడు. అక్టోబరులో మ్యూల్ డీర్ సంగతీ అంతే. చలికాలపు బొచ్చు వచ్చేసింది, చలికాలం రాలేదు.

ఆ బొచ్చుతో, వేసవంతా మేసి పట్టిన కొవ్వుతో, మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడటం దానికి కష్టం. మనకు హాయిగా అనిపించే 15, 18 డిగ్రీల సెల్సియస్ దానికి ఉక్కపోత. అందుకే తెల్లవారకముందే మేత ముగించుకుని, ఎండ తగలని ఉత్తరపు వాలు మీద, స్ప్రూస్ చెట్ల చీకట్లో పడుకుంటుంది. మళ్ళీ లేచేది పొద్దుగూకాకే. చట్టం మనకిచ్చింది సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట వరకు. వేడి రోజున దుప్పి తిరిగే వేళలు ఈ హద్దులకు అటూ ఇటూ జారిపోతాయి. అంటే జంతువు అక్కడే ఉంది, మేస్తోంది, నడుస్తోంది. మనం చూడగలిగే వేళలో మాత్రం కాదు. దానికి తోడు మనం చేసే పని ఏమిటి? ట్రక్కులో రోడ్డు పట్టుకుని తిరగడం, లేదా ముందటి సంవత్సరం మంచులో దొరికిన చోటే, కింద సేజ్ పొదల మైదానంలో కూర్చోవడం. దుప్పి ఇంకా మనకన్నా మూడు వేల అడుగుల ఎత్తున ఉంది. మనం దాని చలికాలపు ఇంటి ముందు కాపలా కాస్తున్నాం.

కొండ దిగడానికి దాన్ని కదిలించేది ఏమిటన్నదాని మీద ఊహలు అక్కర్లేదు, కొలతలే ఉన్నాయి. కాలిఫోర్నియాలో సియెర్రా నెవాడా తూర్పు అంచున రౌండ్ వ్యాలీ అనే చోట చలికాలం గడిపే మ్యూల్ డీర్‌కు మెడకు రేడియో కాలర్లు కట్టి, పరిశోధకుడు కెవిన్ మాంటీత్, ఆయన సహచరులు ఏళ్ళ తరబడి వెంబడించారు. 2011లో ఫలితాలు ప్రచురించారు. వసంతంలో పైకి వెళ్ళడం మంచు కరగడాన్ని, చిగుళ్ళు రావడాన్ని బట్టి ఉంటుందని, శరత్కాలంలో కిందికి రావడం మంచు కురవడంతోనూ చలితోనూ ముడిపడి ఉందని తేలింది. తేదీ వచ్చింది కదా అని మంద మొత్తం బయలుదేరదు. పొడి, వెచ్చని ఏడాది అవి ఆలస్యం చేస్తాయి, కొన్ని చాలా ఆలస్యం చేస్తాయి.

ఈ ఆలస్యాన్ని మీరంతా విపత్తులా మాట్లాడుతున్నారు. దుప్పి వైపు నుంచి చూస్తే అందులో మేలు కూడా ఉంది. మంచు లేనంతకాలం పైన మేత అందుతూనే ఉంటుంది, కింద చలికాలపు నేలలోని సేజ్, బిటర్‌బ్రష్ పొదలు అంతకాలం మిగులుతాయి. జనవరి, ఫిబ్రవరిలో వాటికి ఆధారం ఆ పొదలే. అక్టోబరులోనే దిగి వాటిని కొరికేయడం మొదలుపెడితే శీతాకాలం చివరికి మిగిలేవి మోడులు. నేల బాగా ఎండిపోయి పైన మేతలో సారం తగ్గిన ఏడాది మాత్రం వేరు. అప్పుడు పట్టవలసిన కొవ్వు పట్టకుండానే చలిలోకి వెళ్తాయి. వేడి ఒక్కటే ఉంటే ఒక ఫలితం, వేడితో పాటు కరవు కూడా ఉంటే మరో ఫలితం. రెండింటినీ "వాతావరణం చెడిపోయింది" అన్న ఒక్క మాటలో కుదించడం తేలికే, వేటగాడికి అది సరిపోదు.

వయోమింగ్‌లో మనవాళ్ళు తక్కువే అయినా అక్కడి ఉదాహరణ ఇక్కడ చెప్పాలి. రాక్ స్ప్రింగ్స్ దగ్గరి రెడ్ డెజర్ట్‌లో చలికాలం గడిపే మ్యూల్ డీర్ ఎక్కడికీ పోకుండా ఏడాదంతా అక్కడే ఉంటాయని చాలాకాలం అనుకున్నారు. హాల్ సాయర్ అనే జీవశాస్త్రజ్ఞుడు వాటికి కాలర్లు కట్టి చూస్తే, వసంతంలో ఉత్తరంగా సుమారు 150 మైళ్ళు నడిచి హోబాక్ లోయకు చేరుతున్నాయని, శరత్కాలంలో అదే దారిన తిరిగి వస్తున్నాయని బయటపడింది. తర్వాత 255 అన్న సంఖ్యతో పేరుపడిన ఒక ఆడ దుప్పి ఇంకా ముందుకు, ఐడహోలోని ఐలండ్ పార్క్ దాకా, 240 మైళ్ళకు పైగా వెళ్ళింది. అదీ ఒక ఎత్తు. వయోమింగ్‌లోనే మరో మందను కొలిచినప్పుడు, వలస కాలంలో 95 శాతం అవి నడవడంలో కాదు, దారి పక్కన మేత ఉన్న మజిలీల్లో ఆగి గడుపుతున్నాయని తేలింది. వలస అంటే పరుగు కాదు. వాతావరణం ఓర్చినంతకాలం మేస్తూ, ఆగుతూ, మళ్ళీ మేస్తూ సాగే ప్రయాణం. ఓర్వనిరోజు మాత్రం గుంపులు గుంపులుగా కదులుతాయి.

ఇప్పుడు మీ కోరిక దగ్గరికి వస్తాను.

సీజన్‌ను నవంబరు చివరికి జరిపితే దొరికేది ఏమిటి? జతకట్టే కాలం, మొదటి పెద్ద మంచు, రెండూ ఒకేసారి. ఏడాదంతా మనిషి వాసన తగిలితే కొండ మారిపోయే ముసలి మగ దుప్పి ఆ రోజుల్లో పట్టపగలు, బయలు ప్రదేశంలో, ఆడవాటి వెంట తిరుగుతుంది. తిండి సరిగా తినదు. వేసవంతా కూడబెట్టిన కొవ్వులో చాలా భాగం ఆ కొన్ని వారాల్లోనే ఖర్చయిపోతుంది. అప్పుడు కొట్టడం సులభమే, ఎవరూ కాదనరు. సులభం కాబట్టే కొలరాడోలో అన్నిటికన్నా చివర వచ్చే నాలుగో రైఫిల్ సీజన్‌కు ఇచ్చే మగ దుప్పి ట్యాగులు అంత తక్కువ, వాటి కోసం డ్రాలో రానప్పుడల్లా ఇచ్చే పాయింట్లు ఏళ్ళ తరబడి కూడబెట్టుకోవలసి రావడం అందుకే. వయోమింగ్ రేంజ్ కొండల్లో రైఫిల్ సీజన్ సెప్టెంబరు 15న మొదలై, అక్టోబరు మొదట్లోనే ముగిసే పద్ధతి వెనక ఆలోచనా ఇదే. దుప్పులు పైన, చెల్లాచెదురుగా, తెలివిగా ఉన్నప్పుడు వేటాడాలి. కిందికి దిగి, ఇరుకు దారుల్లో గుమిగూడి, పిచ్చెక్కి ఉన్నప్పుడు కాదు. తేదీలు ముందుకు ఉండటం శాఖవారి మొండితనం కాదు. అందరికీ తేలిగ్గా దొరికే రోజుల్లో అందరినీ లోపలికి పంపితే ట్యాగుల సంఖ్య బాగా కోయవలసి వస్తుంది. ఎక్కువమందికి వేట కావాలా, తక్కువమందికి కచ్చితమైన వేట కావాలా? వినతిపత్రం రాసినవాళ్ళు రెండూ అడుగుతున్నారు.

వేడి శరత్కాలం ఈ ప్రమాదాన్ని తగ్గించదు, పెంచుతుంది. మామూలు ఏడాదిలో సెప్టెంబరు చివరి నుంచి కొంచెం కొంచెంగా దిగవలసినవి, మంచు ఆలస్యమైతే ఒక్క తుపానుతో వారం రోజుల్లో దిగుతాయి. ఇందాక చెప్పిన హోబాక్ వలస దారిలో, వయోమింగ్‌లోని పైన్‌డేల్ పట్టణానికీ ఫ్రీమాంట్ సరస్సుకూ మధ్య ఉన్న సన్నటి నేలలోంచి వేల దుప్పులు దాటాలి. ఆ ఇరుకు చోట ఇళ్ళ స్థలాలుగా మారబోతున్న 364 ఎకరాలను ఒక పరిరక్షణ సంస్థ కొని నిలబెట్టింది, లేకపోతే ఆ దారే మూసుకుపోయేది. తుపాను తర్వాతి వారం అలాంటి చోటికి రైఫిళ్ళను పంపమని అడగడానికి నాకు నోరు రాదు.

దుప్పులు తగ్గిపోయాయన్న మీ బాధలో నిజం లేకపోలేదు. కొలరాడోలో 2000ల మధ్యలో సుమారు ఆరు లక్షలున్న మ్యూల్ డీర్ తర్వాతి పదేళ్ళలో నాలుగు లక్షల దగ్గరికి జారాయి. కారణాలు పెద్దవే. చలికాలపు లోయల్లో లేచిన ఇళ్ళు, చమురు బావులు, రోడ్లు, కంచెలు, కరవు, రోగం. 2022-23 చలికాలాన్ని మరిచిపోలేదు కదా? పశ్చిమ వయోమింగ్‌లో మంచు లోతుగా పడి, పైపొర గట్టిపడి, దుప్పి గిట్టకు మేత అందకుండా పోయింది. వయోమింగ్ రేంజ్ మందలో కాలర్లు కట్టిన పిల్లల్లో దాదాపు ఒక్కటీ వసంతం చూడలేదు. పెద్ద ఆడ దుప్పులూ సగానికి పైగా చనిపోయాయి. కొలరాడో వాయవ్య మూలలోనూ దెబ్బ గట్టిగానే తగిలింది. రెండు రాష్ట్రాలూ ఆ ప్రాంతాల్లో లైసెన్సులు బాగా కోశాయి. ఆ సంఖ్యలు కోలుకోవడానికి ఏళ్ళు పడుతుంది. అలాంటి మందల మీద వేటను ఇంకా తేలిక చేయమని మనం అడుగుతున్నాం.

లెక్కలు నమ్మదగినవి కావన్నవారికి ఒక మాట. శాఖవారు మనం చూసిన అక్టోబరు కొండను చూసి లెక్క వేయరు. సీజన్లు ముగిశాక డిసెంబరు, జనవరిలో, మంచు మీద దుప్పులు స్పష్టంగా కనిపించేటప్పుడు హెలికాప్టర్లలో తిరిగి, నూరు ఆడ దుప్పులకు మగవి ఎన్ని, పిల్లలు ఎన్ని అని చూస్తారు. కాలర్ల ద్వారా ఎన్ని బతుకుతున్నాయో చూస్తారు. వీటికి మనం ఇచ్చే సమాచారం, అంటే ఎవరు ఏ యూనిట్‌లో (వేట ప్రాంతంలో) ఏం కొట్టారన్నది కలుపుతారు. ఇక్కడే మన తప్పు ఉంది. సీజన్ తర్వాత వచ్చే సర్వేకు మనలో ఎంతమంది జవాబిస్తున్నారు? ఏమీ దొరకనివాళ్ళు "నాకేం దొరికిందని రాయాలి" అని పక్కన పడేస్తున్నారు. వెచ్చటి ఏడాదిలో అత్యంత అవసరమైన జవాబు మీదే. వేట తక్కువ జరగడానికి కారణం దుప్పులు లేకపోవడమా, ఎండ ఎక్కువై కనబడకపోవడమా అన్నది తేల్చడానికి ఖాళీ చేతులతో వచ్చినవాడి లెక్క కావాలి. లెక్క ఇవ్వకుండా లెక్క తప్పనడం న్యాయం కాదు.

ఇక వేట ఎలా మార్చుకోవాలో చెప్పనిస్తారా? తేదీలు మార్చడం కన్నా ఇది చాలా తేలిక.

వేడి రోజుల్లో దుప్పి కోసం కాదు, నీడ కోసం వెతకండి. ఉత్తరం, ఈశాన్యం వైపు వాలులు, చెట్లు దట్టంగా ఉండి అంచున కొంచెం మేత ఉన్న చోట్లు, కొండ చరియ కింద చల్లటి మడతలు చూడండి. పొడి ఏడాదిలో చిన్న ఊట కూడా విలువైనదే. చీకటి ఉండగానే ఎత్తుకు చేరి, వెలుగు వచ్చిన మొదటి అరగంటను బైనాక్యులర్ల ముందు గడపండి. ఆ రోజు మీకు దొరికే అసలైన సమయం అదే. పొద్దు పైకి వచ్చాక నడవడం మానేసి, ఎదుటి వాలులో పడుకున్నవాటిని ఓపికగా వెతకండి. నీడ కదిలినప్పుడు పడుకున్న దుప్పి కూడా లేచి నాలుగడుగులు జరిగి మళ్ళీ పడుకుంటుంది. మధ్యాహ్నం వేళ కదలిక అంటే అదే. గాలి సంగతి మరవకండి. ఆకాశం నిర్మలంగా ఉన్న వెచ్చటి రోజున తెల్లవారుజామున గాలి లోయలోకి జారుతుంది, ఎండ తగలగానే పైకి ఎగుస్తుంది. పైనుంచి దిగాలా, కింది నుంచి ఎక్కాలా అన్నది గడియారం చూసి తేల్చుకోవచ్చు. మబ్బు పట్టిన రోజుకన్నా ఇది నమ్మకంగా ఉంటుంది. వేడి మనకు చేసిన ఒకే ఒక్క ఉపకారం ఇది.

ట్రక్కు దిగి రోడ్డుకు రెండు మైళ్ళు దూరం నడవలేనివాళ్ళకు ఈ సలహా నచ్చదు. తెలుసు.

నడిచినవాళ్ళకు ఇంకో సమస్య ఉంది. నా దృష్టిలో వేడి శరత్కాలంలో అసలు సమస్య అదే, మీ వినతిపత్రంలో దాని ఊసే లేదు. మాంసం. మంచులో కొట్టిన దుప్పిని రాత్రంతా చెట్టుకు వేలాడదీసినా ఏమీ కాదు. 18 డిగ్రీల సాయంత్రం కొడితే గంటల లెక్క మొదలవుతుంది. ఆ దట్టమైన బొచ్చు లోపలి వేడిని బయటికి పోనివ్వదు. తొడ ఎముక తుంటిలో కలిసే చోట మాంసం అన్నిటికన్నా లోతుగా ఉంటుంది, ముందు పులిసేది అక్కడే. బయటికి ఎర్రగా, బాగున్నట్టే కనిపిస్తుంది. ఇంటికి తెచ్చి కోస్తే కంపు. కాబట్టి పడగానే ఫొటోలకు ముందు పేగులు తీసేయాలి, తోలు ఒలిచేయాలి, కాళ్ళు విడదీసి, తొడల మాంసాన్ని ఎముక నుంచి వేరు చేసి, గాలి ఆడే గుడ్డ సంచుల్లో నీడకు వేలాడదీయాలి. ప్లాస్టిక్ సంచిలో కట్టారంటే మీరే దాన్ని ఉడికించినట్టు. కారులో ఐస్ పెట్టెలు ముందే సిద్ధంగా ఉండాలి, కరిగిన నీళ్ళలో మాంసం నానకూడదు. ఫ్రిజ్ చలి, అంటే 4 డిగ్రీల దగ్గరికి ఎంత త్వరగా చేరితే అంత మంచిది. ఈగలు, కందిరీగలు అక్టోబరులోనూ ఉంటాయి. ఎలుగుబంట్లు ఇంకా గుహల్లోకి పోలేదు, చలికాలం ముందు తిండికోసం తెగ తిరుగుతుంటాయి. వాయవ్య వయోమింగ్‌లో అయితే అవి గ్రిజ్లీలు కావచ్చు. రాత్రి వదిలేసిన కళేబరం దగ్గరికి తెల్లవారి వెళ్ళేటప్పుడు బేర్ స్ప్రే చేతిలో ఉండాలి, సంచిలో కాదు.

అందుకే నా నియమం ఒకటి. చీకటి పడేలోపు మాంసం చల్లారే దారి లేనప్పుడు ట్రిగ్గర్ నొక్కను. మూడు లోయల అవతల, వేడి సాయంత్రం, ఒంటరిగా ఉన్నప్పుడు ఎంత పెద్ద కొమ్ములైనా అవి నావి కావు. తినదగ్గ మాంసాన్ని పాడుచేసి వదిలేయడం ఈ రాష్ట్రాల్లో నేరం. చట్టం లేకపోయినా అది తప్పే. ఆవకాయ మసాలాతో దుప్పి మాంసం పచ్చడి పెట్టుకుంటారని, ఎండు మాంసం చేసుకుంటారని నాకు తెలుసు. పులిసిన మాంసాన్ని ఏ మసాలా కాపాడలేదు.

తలకాయ కూర ప్రియులకు వేరే హెచ్చరిక. మ్యూల్ డీర్‌లో క్రానిక్ వేస్టింగ్ వ్యాధి అనే మెదడు రోగం ఉంది. మొదట గుర్తించింది 1967లో, ఫోర్ట్ కాలిన్స్‌లో పెంచుతున్న మందలో. దాన్ని కలిగించే ప్రియాన్లు అనే వికృత ప్రొటీన్లు వంట వేడికి చావవు. పెద్ద మగ దుప్పుల్లో ఈ రోగం ఎక్కువ. మనిషికి సోకినట్టు రుజువు లేకపోయినా, రోగం తేలినదాన్ని తినవద్దనే ఆరోగ్య శాఖల సలహా. మేక తల వండినట్టు దీని తల వండకండి, మెదడు వేపుడు జోలికి అసలే పోకండి. గొంతు దగ్గరి గ్రంథులు పరీక్షకు ఇచ్చి, ఫలితం వచ్చాక పొయ్యి మీద పెట్టండి.

వేడితో నేరుగా ముడిపడిన రోగం వేరే ఉంది. ఈహెచ్‌డీ అంటారు, చిన్న దోమల్లాంటి కీటకాలు కుట్టి వ్యాపింపజేసే రక్తస్రావ రోగం. మన తెలుగు రాష్ట్రాల్లో వానాకాలంలో గొర్రెలకు వచ్చే నీలినాలుక వ్యాధికి ఇది దగ్గరి బంధువు, మోసుకొచ్చేవీ ఆ జాతి కీటకాలే. గట్టిగా మంచు గడ్డకట్టే మొదటి రాత్రితో ఆ కీటకాలు చచ్చిపోయి రోగం ఆగిపోతుంది. ఆ రాత్రి ఎంత ఆలస్యమైతే రోగం అంతకాలం సాగుతుంది. తెల్లతోక దుప్పులకు ఎక్కువ ప్రమాదం, మ్యూల్ డీర్‌కూ రావచ్చు. జ్వరంతో నీళ్ళకోసం వచ్చి వాగు పక్కనే పడిపోతాయి. సెప్టెంబరు, అక్టోబరులో నీటి ఒడ్డున చచ్చిన దుప్పి కనిపిస్తే ముక్కు మూసుకుని దాటిపోకుండా దగ్గరి ఆఫీసుకు ఎక్కడ చూశారో చెప్పండి.

మంటల గురించి మీకు వేరే చెప్పనక్కర్లేదు. 2020 అక్టోబరులో ఉత్తర కొలరాడోలో ఈస్ట్ ట్రబుల్‌సమ్, కామెరాన్ పీక్ మంటలప్పుడు సీజన్ మధ్యలో అడవులు మూసేశారు. ఎండిన గడ్డి మీద వేడి ట్రక్కును ఆపకండి.

ఊళ్ళో బంధువులు మనల్ని అడిగే ప్రశ్న కూడా ఇందులో ఒక మూల ఉంది. కృష్ణజింకను కొడితే జైలుకు పంపే దేశం నుంచి వచ్చి అక్కడ దుప్పుల్ని కొడుతున్నారా అని. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత మన దగ్గర వేట మూతపడింది, ఆ పరిస్థితుల్లో అది సరైన పనే. ఇక్కడ మార్గం వేరు. 1937 నుంచి తుపాకులు, తూటాల మీద వసూలు చేసే పన్ను, మన లైసెన్సుల డబ్బు కలిసి వన్యప్రాణి శాఖల ఖర్చుల్లో పెద్ద భాగం భరిస్తున్నాయి. ఆ హెలికాప్టర్లు, ఆ కాలర్లు దానితోనే. ఈ పద్ధతి నిలబడేది వేటగాడు తనకు తానే హద్దు పెట్టుకున్నంతకాలం. 1999 నుంచి కొలరాడోలో దుప్పి ట్యాగులన్నీ డ్రా ద్వారానే ఇస్తున్నారు. అప్పటి వేటగాళ్ళలో చాలామంది గొణుక్కున్నారు, కానీ ఆ హద్దు వల్లే ఈనాడు పెద్ద మగ దుప్పులు కనిపిస్తున్నాయి.

రాయకపోయినా, వినతిపత్రం వెనక ఉన్న ఇంకో ఆశ నాకు తెలుసు. కొలరాడోలో మూడో రైఫిల్ సీజన్ చాలా ఏళ్ళలో కార్తీకంలో పడుతుంది. కొట్టుకొచ్చినదాన్ని నెలాఖరుదాకా ఫ్రీజర్‌లో పెట్టి, ఇంట్లో ముఖాలు చూడవలసి వస్తుంది. సీజన్ వెనక్కి జరిగితే కార్తీకం దాటిపోతుంది కదా అని. సీజన్ తేదీలు నిర్ణయించే వన్యప్రాణి కమిషన్‌కు ఈ కారణం రాస్తే కనీసం నిజాయితీగా ఉండేది.

వినతిపత్రం బదులు మనం అడగగలిగినవి చాలా ఉన్నాయి. కొలరాడోలో క్రెమ్లింగ్ దక్షిణాన హైవే 9 మీద రెండు పైవంతెనలు, ఐదు అండర్‌పాసులు, కంచెలు 2016కల్లా పూర్తయ్యాక వన్యప్రాణులను వాహనాలు గుద్దడం దాదాపు 90 శాతం తగ్గింది. అలాంటివి ఇంకా కావాలని రాయండి. మంచు ఆలస్యమై ఒకే వారంలో అన్నీ దిగే ఏడాదిలో వాటి అవసరం రెట్టింపు, పైగా నవంబరు మొదటి ఆదివారం గడియారం వెనక్కి తిప్పాక మనం ఆఫీసు నుంచి ఇంటికి వచ్చే వేళ, దుప్పులు రోడ్డు దాటే వేళ ఒకటైపోతాయి. వయోమింగ్‌లో 2020లో గవర్నర్ మార్క్ గోర్డన్ ఆదేశంతో వలస దారులను గుర్తించి కాపాడే విధానం వచ్చింది. దాన్ని ఇంకా మందలకు విస్తరించమని అడగండి. కింది తీగ నేలకు 16 అంగుళాల పైన, ముళ్ళు లేకుండా ఉండే కంచెలుగా పాతవాటిని మార్చే పనికి స్వచ్ఛందంగా వెళ్ళండి. అక్కడ మన తెలుగువాళ్ళు ఇంకా ఎక్కువ కనబడాలి. కొలరాడోలో ఐ-25 రహదారికి పశ్చిమాన ప్రభుత్వ భూముల్లో జనవరి నుంచి ఏప్రిల్ చివరిదాకా రాలిన కొమ్ములు ఏరడం నిషేధం. పిల్లల్ని సరదాగా తీసుకెళ్ళి ఆకలితో ఉన్న దుప్పుల్ని లేపకండి.

సీజన్ తేదీల మీద కమిషన్ ప్రజాభిప్రాయం తీసుకునేటప్పుడు నేను వ్యాఖ్య పంపుతాను. ఉన్న తేదీలు జరపవద్దని, వెచ్చటి ఏడాది వేట తగ్గితే ఆ ఏడాది దొరకని మగ దుప్పులు వచ్చే ఏడాదికి మిగిలాయనుకోవాలని, పరిహారంగా ట్యాగులు పెంచవద్దని రాస్తాను. మీ పేర్లు కూడా చేర్చాలనుకుంటే ఈ నెల చివరి ఆదివారం మధ్యాహ్నం మా ఇంటికి రండి, కూర్చుని రాద్దాం. ఏకీభవించనివాళ్ళు కూడా రండి, వాదిద్దాం. నింపని సర్వే ఉత్తరాలు ఎవరి దగ్గరైనా ఉంటే వాటిని కూడా తెచ్చుకోండి, అక్కడే నింపి పంపేద్దాం.

ఇట్లు,
ఉత్తర కొలరాడో నుంచి మీలో ఒకడు